పుదీనా ఆకు ఆరబెట్టిన సాయంత్రం

మా ఆవిడకు మొదట వచ్చింది మామూలు దగ్గే. డిసెంబరు చలికి పాతబస్తీలో దగ్గనివాళ్ళెవరులే అని ఇద్దరమూ అనుకున్నాం. ఆమె మిరియాల కషాయం కాచుకుని తాగింది, పాపకు జడలు వేసి స్కూలుకు పంపింది, ఎప్పటిలాగే పనులు చేసుకుంది. తర్వాత జ్వరం పట్టుకుంది. మాత్ర వేసుకుంటే దిగేది, మళ్ళీ వచ్చేది. ఒక పొద్దున పప్పు కడుగుతూ కడుగుతూ గిన్నె వదిలేసి వంటింటి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఏమైందని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపింది. మాట్లాడటానికి ఊపిరి చాలడం లేదు. అప్పుడు చూశాను, పెదవులు నీలంగా మారి ఉన్నాయి.

మేం హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంట్లో మేడమీది వాటాలో ఉంటాం. నాది ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. గోదావరి వైపు నుంచి వచ్చినప్పుడు ఈ సందుల్లో ఎన్నాళ్ళుంటాంలే అనుకున్నాం. పాప ఇక్కడే పుట్టింది, ఇక్కడి మాటే నేర్చింది. కింద ఇంటివాళ్ళుంటారు. ఇంటావిడ పెద్దామె, కొడుకూ కోడలితో ఉంటుంది. మేమిద్దరం ఆమెను ఖాలా అని పిలుస్తాం, పిన్నీ అన్నట్టు. పాపకు మాత్రం ఆమె నానీ, అంటే అమ్మమ్మ. ఆ పొద్దున ఖాలా కొడుకు ఆటో పిలుచుకొచ్చాడు. నేనూ అతనూ చెరో వైపు పట్టుకుని మా ఆవిడను కిందికి దింపాం. ఖాలా పాప కళ్ళు తన కొంగుతో మూసేసింది. పాప ఆ కొంగు లాగేసుకుని చూసింది.

ఆసుపత్రి మూసీ అవతల. న్యుమోనియా అన్నారు, రెండు ఊపిరితిత్తులూ పట్టేశాయన్నారు. ఐసీయూలోకి తీసుకెళ్ళి ముఖానికి ఆక్సిజన్ మాస్కు బిగించారు. అప్పటినుంచి నా పని బయట కుర్చీలో కూర్చోవడం, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి లోపలికి పంపినప్పుడు వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోవడం. పిల్లల్ని లోపలికి రానివ్వరు. పాపకు నేను చెప్పగలిగింది ఒకటే, అమ్మకు జ్వరం ఎక్కువైంది, తగ్గగానే వస్తుంది అని. అది నన్ను నమ్మలేదు. నాతో మాట్లాడటం మానేసింది. స్కూలు నుంచి వచ్చి నేరుగా ఖాలా దగ్గరికి పోయేది. నేను వచ్చి పిలిస్తే పైకి వచ్చి, పెట్టింది తిని, గోడవైపు తిరిగి పడుకునేది.

డాక్టరుగారు చిన్నవయసు మనిషి. ఓపికగానే చెప్పేవారు. మందులు పనిచేయడానికి సమయం పడుతుందనీ, ఈలోగా ఆమె అలసిపోతే గొంతులోకి గొట్టం వేసి మిషను మీద పెట్టాల్సి వస్తుందనీ అన్నారు. మిషను మీద పెడితే మళ్ళీ తీసేస్తారు కదా అని అడిగాను. చాలామందికి తీసేస్తామన్నారు. ఆ 'చాలామందికి' అన్న మాట పట్టుకుని నేను ఆ రోజంతా తిరిగాను. ఇంకొక మాట కూడా చెప్పారు. మనిషి తికమకపడుతూ మాట్లాడటం మొదలుపెడితే అది మంచి గుర్తు కాదట. మెదడుకు అందాల్సినంత గాలి అందడం లేదని అర్థమట.

ఇంతలో పాప స్కూలు నుంచి టీచరమ్మ ఫోన్ చేసింది. సెలవులిచ్చే ముందు క్లాసులో క్రిస్మస్ పార్టీ. ఒక్కో ఇంటినుంచి ఒక్కో వంటకం రావాలి. మా ఆవిడ కిందటేడు పుదీనా చాక్లెట్ డిప్ అని ఒకటి చేసి పంపింది. ఫోన్‌లో ఎక్కడో చూసి నేర్చుకుంది. మీగడలో పుదీనా వాసన దించి, అందులో చాక్లెట్ కరిగించి, చల్లారాక పైన ఎర్రగీతల పిప్పరమెంటు బిళ్ళలు నలిపి చల్లుతారు. బిస్కెట్లూ అరటిపండు ముక్కలూ అందులో ముంచుకు తింటారు. పిల్లలు గిన్నె వేళ్ళతో ఊడ్చి నాకేశారట. ఖాలాకు ఒక చిన్న గిన్నెలో పంపిస్తే, "పండ్లు తోముకునే పేస్టు లెక్క ఉన్నది" అంటూనే మొత్తం తినేసింది. ఈసారి కూడా అదే చేసి తెస్తానని మా ఆవిడ నెల మొదట్లోనే ఒప్పుకుందట. ఇంట్లో పరిస్థితి చెప్పాను. టీచరమ్మ కంగారుపడి, అయ్యో, ఏమీ పంపవద్దు, పాపను పంపండి చాలు అంది.

ఆ మాటే పాపకు చెప్పాను. తలుపు దగ్గర నిలబడి వింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

"మరి నేనేం తీస్కపోవాలె?"

"ఏం అక్కర్లేదమ్మా. మీ టీచర్ చెప్పింది."

"వద్దు. తీస్కపోకుంటే అందరు అడుగుతరు, మీ అమ్మ ఏది అని."

దానికి తొమ్మిదేళ్ళు. ఆ ప్రశ్న దానికి ఎంత భయంగా ఉందో నాకు అప్పుడు తెలిసింది. ఎందుకంటే నా భయమూ అదే. ఆఫీసులో, సందులో, పాలవాడి దగ్గర ఎవరైనా అడుగుతారేమోనని నేను తల వంచుకుని నడుస్తున్నాను. "నేను చేస్తాను" అన్నాను. టీ, ఉప్మా తప్ప ఏమీ రాని మనిషిని. అది నన్ను కాసేపు చూసి, "అమ్మను అడిగి చెయ్యి" అని లోపలికి వెళ్ళిపోయింది.

పార్టీకి ముందురోజు పొద్దున నన్ను లోపలికి పిలిచినప్పుడు మా ఆవిడ కళ్ళు తెరిచే ఉంది. ముక్కు మీదా బుగ్గల మీదా మాస్కు ఒరిసి చర్మం కందిపోయింది. ఛాతీ ఒక్కటే కాదు, మెడ, భుజాలు, అంతా ఊపిరి కోసం పనిచేస్తున్నట్టుంది. బాగున్నావా అని అడగలేను. భయపడకు అనలేను. అందుకని ఇంటి సంగతులు చెప్పాను. ఖాలా వెల్లుల్లి కారం పంపిందని, పాప లెక్కల్లో బాగా చేసిందని. ఆ వరుసలోనే, రేపు దాని పార్టీ అని, ఆ పుదీనా చాక్లెట్ నేనే చేయబోతున్నానని చెప్పాను.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి ఎత్తి మాస్కు పట్టుకుంది. లోపలినుంచి ఏదో అంది. మాస్కుకు గాలి పంపే మిషను చప్పుడులో వినపడలేదు. చెవి దగ్గరగా పెట్టాను.

"నాకు నీళ్ళు" అని వినిపించింది.

నర్సును పిలిచాను. నోటితో ఏమీ ఇవ్వకూడదంది, మింగబోతే ఊపిరితిత్తుల్లోకి పోతుందంది. తడి దూది తెచ్చి, మాస్కు ఒక్క క్షణం పైకెత్తి పెదవులకు అద్దింది. మా ఆవిడ తల అటూ ఇటూ తిప్పి దూదిని తోసేసింది. మళ్ళీ అదే మాట. నీళ్ళు. నా మణికట్టు పట్టుకుని గుంజింది. ఆమెకు నా మీద కోపం రావడం కళ్ళలో కనిపిస్తోంది. నేను ఇస్తారే, ఇస్తారే అంటూనే ఉన్నాను. తెల్లవారుజాము నుంచి ఇలాగే కొంచెం తికమకగా ఉన్నారని నర్సు మెల్లిగా అంది. ఇక బయటికి వెళ్ళమంది.

బయట కుర్చీలో కూర్చుని కూడా నా మణికట్టు మీద ఆ పట్టు తెలుస్తూనే ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నన్ను అడిగినవి తక్కువ. ఇప్పుడు నీళ్ళు అడిగితే ఇవ్వలేకపోయాను. డాక్టరుగారు వచ్చి, సాయంత్రం దాకా చూస్తామని, తికమక పెరిగితే గొట్టం వేయక తప్పదని, రాత్రికి ఫోన్ దగ్గర పెట్టుకోమని చెప్పారు. తల ఊపాను. ఆయన వెళ్ళాక నడవాలో ఎదురుగా ఎవరో ఫ్లాస్కులోంచి గ్లాసులోకి నీళ్ళు పోసుకుంటుంటే చూడలేక లేచి బయటికి వచ్చేశాను.

ఎటు పోవాలో తెలియక బేగంబజారు వైపు నడిచాను. మిఠాయిలకూ కేకులకూ సామాన్లమ్మే దుకాణంలో నల్ల చాక్లెట్ పలక ఒకటి అడిగి, మళ్ళీ రెండు ఇవ్వమన్నాను. ఒకటి పాడు చేస్తానన్న భయం ముందే ఉంది. మీగడ డబ్బా, పిప్పరమెంటు బిళ్ళలు తీసుకున్నాను. దుకాణదారు పార్టీనా సాబ్ అని నవ్వుతూ అడిగాడు. అవునన్నాను. అతను ఉచితంగా ఇంకో గుప్పెడు బిళ్ళలు సంచీలో వేశాడు. మా సందు మొదట్లో బండి మీద పుదీనా కట్టలు కొన్నాను. అన్నీ కొన్నాక సంచీ పట్టుకుని ఇంటి గుమ్మం ముందు నిలబడిపోయాను. భార్య ఐసీయూలో ఉంటే మిఠాయి సామాన్లు మోసుకొచ్చిన నన్ను ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అనిపించింది. తర్వాత, ఎవరేమనుకున్నా లోపలికి పోవాలి కదా, పోయాను.

సాయంత్రం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నిద్రో మగతో చెప్పలేకపోయారు. పిలిచినా పలకలేదు. ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టేవేళ. పాప కిందినుంచి పైకి వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది.

"అమ్మను అడిగినవా?"

అడిగానన్నాను. ఏం చెప్పిందంది. నిద్రపోతోంది, చెప్పలేదన్నాను.

ఫోన్‌లో రెండు మూడు వీడియోలు చూశాను. ఒకరొకలా, ఇంకొకరు ఇంకోలా చేస్తున్నారు. నాకు అర్థమైనంతవరకు చాక్లెట్ కరగాలి, పుదీనా కలవాలి. గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, దానిమీద ఇంకో గిన్నె పెట్టి అందులో ఒక పలక తరిగి వేశాను. అది మెల్లిగా కరిగి నునుపుగా, అద్దంలా మెరిసింది. ఒక్క నిమిషం నాకే ఆశ్చర్యం వేసింది. ఒక కట్ట పుదీనా కుళాయి కింద బాగా కడిగి, మిక్సీలో తిప్పి, ఆ ముద్ద అందులో వేశాను.

చూస్తుండగానే చాక్లెట్ బిగుసుకుపోయింది. మెరుపు పోయి, తడి ఇసుకలా పలుకులు పలుకులుగా గరిటెకు చుట్టుకుంది. గట్టిగా కలిపాను. ఇంకా బిగిసింది. వేడి చాలలేదేమోనని గిన్నెను నేరుగా మంట మీద పెట్టాను. మాడువాసన వచ్చింది. స్టవ్ ఆర్పి గిన్నె లోపలికి చూస్తూ నిలబడ్డాను. నా చేతిలో ఏదీ నిలవడం లేదనిపించింది. పాప చూస్తోందని తెలుసు. అందుకే వెనక్కి తిరగలేదు.

వాసన కిందికి పోయినట్టుంది. ఖాలా మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"ఏంది బేటా, ఏం మాడింది?"

చెప్పాను. ఆమె గిన్నెలోకి తొంగి చూసి, ఇసొంటిది నేనెన్నడు చేయలే అంది. పొద్దున ఆసుపత్రిలో ఏమైందో అడిగింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను, నీళ్ళడిగితే ఇవ్వలేకపోయానని, మనిషి తికమకలో పడిందంటున్నారని. పాప వింటున్న సంగతి ఆ క్షణాన మరిచిపోయాను. ఖాలా నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

పాప లేచి వచ్చి స్టవ్ పక్కన మునివేళ్ళ మీద నిలబడి గిన్నెలోకి చూసింది.

"అమ్మ గిట్ల చెయ్యది" అంది. "ముందుగాల ఆకు నీళ్ళు పోవాలె."

"ఏం పోవాలి?"

"ఆకు నీళ్ళు. కడిగినంక బట్ట మీద ఆరబెడ్తది. ఆకు నీళ్ళు చాక్లెట్‌ల పడ్డయంటే గడ్డ కడ్తది అని చెప్పింది. నన్ను కూడ తుడవమన్నది పోయినసారి."

నేను దాన్ని మళ్ళీ చెప్పమన్నాను. నా ముఖం చూసి భయపడినట్టుంది, నెమ్మదిగా చెప్పింది. ఆకు నీళ్ళు. వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయాను. పొద్దున మాస్కు లోపలినుంచి వచ్చిన మాట, మిషను హోరులో నేను విన్న మాట, 'నాకు' కాదేమో. ఆమె దూదిని తోసేసింది. నా మణికట్టు పట్టుకుని గుంజింది. నేను చాక్లెట్ చేస్తానన్నాకనే మాస్కు పట్టుకుంది. అంతకుముందు కారం గురించి చెప్పినా, లెక్కల గురించి చెప్పినా కదల్లేదు.

నేను విన్నది 'నాకు', ఆమె అన్నది 'ఆకు' అయి ఉంటుందని ఖాలాకు చెప్పాను. తెలుగులో ఆ రెండు మాటలూ ఎంత దగ్గరో ఆమెకు చెప్పక్కర్లేదు. తానే రెండుసార్లు నోట్లో అనుకుని చూసుకుంది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆమెకు హోష్ ఉన్నది బేటా, తెలివిల్నే ఉన్నది. హోష్ లేని మనిషికి పుదీనా సంగతి యాదికొస్తదా?"

పాప నన్నూ ఖాలానూ మార్చి మార్చి చూసింది. అమ్మకు బాగా లేదా అని అడిగింది. నేను దాన్ని దగ్గరికి తీసుకుని, చాలా బాగా లేదమ్మా, కానీ పొద్దున నీ పార్టీ గురించి మాట్లాడింది, నాకే సరిగ్గా వినపడలేదు అన్నాను. అది నా చొక్కాలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఇన్ని రోజుల్లో అది ఏడవడం అదే మొదలు. ఖాలా దాని వీపు రాస్తూ కూర్చుంది. మాడిన గిన్నె అలాగే స్టవ్ మీద ఉంది.

మిగిలింది ఒక్క పలక. ఖాలా కిందినుంచి ఉతికిన పాత దుపట్టా తెచ్చి గచ్చు మీద పరిచింది. మిగిలిన కట్ట కడిగి, ఆకులు తుంచి దానిమీద పోశాం. ముగ్గురం చుట్టూ కూర్చుని ఒక్కొక్క ఆకే ఒత్తి తుడవడం మొదలుపెట్టాం. పాప మాకు ఎలా తుడవాలో చూపించింది. గట్టిగా ఒత్తితే ఆకు నల్లబడుతుందట.

మధ్యలో ఫోన్ మోగింది. ఆసుపత్రి నంబరు. చేతికి పుదీనా అంటుకుని ఉంది, తెర మీద వేలు జారిపోయి రెండోసారికి గానీ ఎత్తలేకపోయాను. డాక్టరుగారే. ఆక్సిజన్ కొంచెం తగ్గిందన్నారు. ఆవిడ అలసిపోతున్నారు, మాటకు సరిగ్గా స్పందించడం లేదు, గొట్టం వేయడానికి సిద్ధం చేసుకుంటున్నాం, ఇంకాసేపు చూసి నిర్ణయిస్తాం అన్నారు. నేను ఏం మాట్లాడుతున్నానో ఆలోచించకుండా మాట్లాడాను.

"సార్, పొద్దున ఆవిడ తికమకగా లేదండీ. నేనే తప్పుగా విన్నాను. నీళ్ళు అడగలేదు. పాప కోసం ఒక స్వీటు చేస్తున్నానంటే, ఎలా చేయాలో చెప్పింది. పుదీనా ఆకు తడి గురించి."

ఎదురుగా పాప ఆకు పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"దాన్నిబట్టి నేనేం చెప్పలేనండీ" అన్నారాయన. "ఇప్పుడు ఎలా ఉన్నారన్నదే ముఖ్యం." మళ్ళీ, "నేను వెళ్ళి ఇంకోసారి మాట్లాడించి చూస్తాను" అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తెలియలేదు. వెంటనే బయల్దేరదామని లేచాను. నువ్వు పోయినా బయటనే కూసుండబెడతరు, పిలిస్తే నా కొడుకు బండి మీద దింపుతడు అంది ఖాలా. అంటూనే దుపట్టా మీదినుంచి ఇంకో ఆకు తీసుకుంది. నేనూ కూర్చున్నాను. ఆ తర్వాత తుడిచిన ప్రతి ఆకుకూ ఫోన్ మోగుతుందేమోనని చూశాను. మోగలేదు.

పాప చెప్పినట్టే చేశాం. మీగడను సన్నమంట మీద వెచ్చబెట్టి, అందులో ఆరిన ఆకులు వేసి మూత పెట్టాం. మీగడకు లేత ఆకుపచ్చ దిగాక వడగట్టి, తరిగిన చాక్లెట్ మీద పోసి, కదపకుండా వదిలేశాం. కదపకూడదని పాప నా చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత గరిటె దానికే ఇచ్చాను. మధ్యనుంచి చిన్న చిన్నగా తిప్పుతూ పోయింది. చాక్లెట్ నునుపుగా కలిసిపోయింది. ఇది కూడా ఎక్కడ గడ్డకడుతుందోనని నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. వేలితో తీసి నాలుకకు రాసుకుని పాప ఆలోచించింది.

"అమ్మది ఇంకా మంచిగుంటది" అంది. "కని ఇది నడుస్తది."

ఖాలా రుచి చూసి, పేస్టే అంది. పాప నవ్వబోయి ఆపుకుంది.

పొద్దున ఆటోలో పాప స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. పిప్పరమెంటు బిళ్ళలు నలిపి వేరే పొట్లం కట్టాం. ముందే చల్లితే కరిగిపోతాయట. నా ఫోన్ నా చేతిలోనే ఉంది. స్కూలు గేటు దగ్గర దాని స్నేహితురాలి తల్లి కనిపించి, ఏంటండీ మీరొచ్చారు, మీ మిసెస్ రాలేదా అంది. పాప నాకంటే ముందు జవాబు చెప్పింది.

"అమ్మ దవాఖానల ఉన్నది ఆంటీ. ఇది నాన్న చేసిండు. నేను చెప్తే చేసిండు."

చెప్పి, డబ్బా పట్టుకుని వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. నేను ఆ పార్టీ చూడలేదు. అదే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళిపోయాను.

గొట్టం వేయలేదు. అంతకన్నా పెద్ద కబురేమీ లేదు. ఆక్సిజన్ పడిపోవడం ఆగింది, పెరగలేదు. డాక్టరుగారు రాత్రంతా అక్కడే ఉన్నట్టున్నారు, గడ్డం మాసి ఉంది. నన్ను పక్కకు పిలిచి, మీరు చెప్పాక వెళ్ళి పుదీనా గురించి అడిగానండీ అన్నారు. ఏమంది అని అడిగాను. కళ్ళు తెరిచి తల ఊపారన్నారు. "దేనికి ఊపారో నేను చెప్పలేను. కానీ పిలిస్తే చూశారు. అందుకే ఇంకాస్త ఆగి చూద్దామనుకున్నాం."

ఆ తర్వాత కూడా చాలా రోజులు అలాగే నడిచాయి. ఒకరోజు మెరుగంటే ఇంకోరోజు జ్వరం తిరగబెట్టేది. క్రిస్మస్ వెళ్ళింది, కొత్త సంవత్సరం వచ్చింది, సందులో కుర్రాళ్ళు టపాసులు కాల్చారు. నేను నడవా కుర్చీలోనే ఉన్నాను. చివరికి మాస్కు తీసి ముక్కుకు చిన్న గొట్టం పెట్టి వార్డుకు మార్చారు. అప్పుడు పాపను తీసుకెళ్ళాను. అది మంచం పక్కన చేరి తల్లి చేతికి ముఖం ఆనించి చాలాసేపు ఉండిపోయింది. తర్వాత ఒక్కసారిగా మొదలుపెట్టింది. నాన్న ఎలా మాడబెట్టాడో, నానీ దుపట్టా ఎలా పరిచిందో, డబ్బా ఎలా ఖాళీ అయిందో, అన్నీ.

మా ఆవిడ నవ్వుతూ వింది. నవ్వితే దగ్గు వస్తోంది. పాప నీళ్ళ సీసా నింపుకురావడానికి వెళ్ళినప్పుడు నేను మెల్లిగా అడిగాను, ఆ రోజు ఆకు సంగతే కదా నువ్వు చెప్పింది అని. ఆమె నుదురు ముడిచి ఆలోచించింది.

"నాకేం గుర్తులేదండీ. మీరు వచ్చినట్టే గుర్తులేదు. ఒక్కటే తెలుసు, చచ్చేంత దాహం."

పాప తెచ్చిన సీసా మూత తీసి గ్లాసులో పోసి ఇచ్చాను. ఆమె కొంచెం కొంచెంగా తాగింది. ఇంకా కావాలా అని అడిగితే చాలంది. అయినా ఇంకో గ్లాసు పోసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

సంక్రాంతి దాటాక ఇంటికి తెచ్చుకున్నాం. మెట్లెక్కే స్థితిలో లేదని ఖాలా కింద ముందుగది ఖాళీ చేయించి మంచం వేయించింది. పగలు వాకిట్లో ఎండకు కుర్చీ వేసి కూర్చోబెట్టేది. అద్దె మాట ఎత్తితే, గీ లొల్లి నాతోని పెట్టుకోకు అంది. పాప స్కూలు నుంచి వచ్చి తల్లి పక్కనే పుస్తకాలు పరుచుకునేది. చూసేవాళ్ళకు మా కష్టం గట్టెక్కినట్టే ఉండేది.

నాకు మాత్రం ఆ భయం త్వరగా వదల్లేదు. ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దుప్పటి పైకీ కిందికీ కదులుతోందో లేదో చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాక రోజూ భోజనం వేళకు ఫోన్ చేసేవాణ్ణి. ఏంటండీ అనేది. ఏమీ లేదు, ఊరికే అనేవాణ్ణి. ఆమె ఏదో ఒకటి చెప్పేది, కూర గురించో, ఖాలా కోడలి గురించో. మాటకూ మాటకూ మధ్య ఆమె ఊపిరి ఎలా ఉందో వింటూ ఉండేవాణ్ణి. ఎండలు ముదిరేసరికి ఆమెకు విసుగొచ్చింది. బాగానే ఉన్నాను కదా, ఆఫీసులో పని లేదా మీకు అని, సాయంత్రం వచ్చేటప్పుడు వంకాయలు తెమ్మని చెప్పి పెట్టేసింది.